రాత్రి రెండు దాటాక వచ్చిన ఉత్తరాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోను గురించే. అన్నీ ఈమెయిళ్లు కాబట్టి ఎప్పుడు పంపారో పైనే తెలిసిపోతుంది. ఒంటిగంట దాటాక కొన్ని, రెండు దాటాక మరికొన్ని, తెల్లవారుజామున ఒకటి. తమ కష్టాలన్నీ వివరంగా రాసినవాళ్లలో చాలామంది నిద్ర ఊసెత్తలేదు. ఆ లోటును పంపిన సమయం పూరించింది. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి ప్రశ్నలను కుదించాను. ఉత్తరం చదివి జబ్బు ఇదీ అని తేల్చడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. అందుకే కొందరిని వైద్యుణ్ని కలవమన్నాను. దాన్ని మర్యాదకు అన్న మాటగా తీసుకోవద్దు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు ఇరవై ఒక్కేళ్లు. చదువు చివరి సంవత్సరం. రాత్రి పదకొండుకు పడుకుని, పది నిమిషాలు చూసి పక్కన పెడదామని ఫోను తీస్తాను. తలెత్తేసరికి రెండున్నర. ఈ సెమిస్టర్‌లో పొద్దుటి క్లాసులకు సగానికి పైగా వెళ్లలేదు. ఆన్‌లైన్‌లో ఇరవై ప్రశ్నల పరీక్ష ఒకటి రాస్తే 'తీవ్రమైన ఇంటర్నెట్ వ్యసనం' అని వచ్చింది. అప్పటి నుంచి ఇంకా భయంగా ఉంది. నా మెదడు పాడైపోయిందా?

పాడైపోలేదు. ముందు ఆ పరీక్ష భయం వదిలిద్దాం.

1995లో ఐవాన్ గోల్డ్‌బర్గ్ అనే న్యూయార్క్ మానసిక వైద్యుడికి తమ వృత్తివాళ్లు ప్రతిదాన్నీ రుగ్మతగా మార్చేస్తున్నారని చిరాకు వేసింది. నిర్ధారణ గ్రంథాల గంభీరమైన భాషను వెక్కిరిస్తూ 'ఇంటర్నెట్ వ్యసన రుగ్మత' అని ఒకటి కల్పించి తోటి వైద్యుల ముందు పెట్టాడు. వేళ్లు వాటంతట అవే టైపు కొడుతున్నట్టు కదలడం అందులో ఒక లక్షణం! నవ్వుకోవాల్సినవాళ్లలో కొందరు తమకూ అది ఉందని ఆయనకే రాశారు. ఆ తర్వాత ఏడాదిలోనే కింబర్లీ యంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, జూదం వ్యసనానికి వాడే ప్రమాణాలను తీసుకుని ఈ విషయం మీద నిజంగానే పరిశోధన మొదలుపెట్టింది. మీరు రాసిన ఇరవై ప్రశ్నల పరీక్ష 1998లో ఆమె తయారుచేసినదే అయి ఉంటుంది. అప్పట్లో ఇంటర్నెట్ అంటే కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుని, టెలిఫోన్ లైను కలిసేదాకా ఎదురుచూడటం. 'అనుకున్నదానికంటే ఎక్కువసేపు ఆన్‌లైన్‌లో ఉంటారా' అని ఇవాళ అడిగితే లేదని చెప్పేవాళ్లు ఎందరు? థర్మామీటర్ జ్వరం ఎంతో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు. ఆ పరీక్షకు ఉన్న విలువ కూడా అంతే.

మరి అధికారికంగా ఇది జబ్బేనా? అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్‌ఎం-5 అనే నిర్ధారణ గ్రంథంలో ఇంటర్నెట్ గేమ్‌లకు సంబంధించిన రుగ్మతను 'ఇంకా అధ్యయనం కావాలి' అన్న భాగంలో ఉంచారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో గేమింగ్ రుగ్మతకు చోటు దొరికింది. రీల్స్ చూడటం, చాటింగ్, ఊరికే వెతకడం వంటివన్నీ కలిపి 'ఇంటర్నెట్ వ్యసనం' అన్న పేరుతో ప్రత్యేక జబ్బు ఈ రెండింటిలోనూ లేదు. మీ బాధ అబద్ధమని దీని అర్థం కాదు. క్లాసులు పోతున్నాయి, నిద్ర పోతోంది. పేరు లేనంత మాత్రాన నష్టం ఆగదు.

గేమింగ్ విషయంలో ఐసీడీ-11 చూడమనేవి మూడు: అదుపు తప్పిందా, మిగతా పనులన్నిటికంటే అదే ముందుకు వచ్చిందా, చేటు జరుగుతోందని తెలిసినా సాగుతోందా. వాటి వల్ల చదువో ఉద్యోగమో బంధాలో బాగా దెబ్బతినాలి, మామూలుగా ఏడాది పాటు అలా ఉండాలి. ఈ మూడూ మీరూ వేసుకోదగ్గ ప్రశ్నలే. కానీ నా గదిలో కూర్చుని ఉంటే నేను మొదట అడిగేది వేరు. పదకొండు గంటలకు ఫోను తీసే ముందు నిమిషంలో మీ మనసులో ఏముంది? పొద్దున క్లాసులో ఎదురుకావాల్సిన మనిషా, మొదలే పెట్టని ప్రాజెక్టా, చదువు అయిపోతే ఏమిటన్న భయమా? లేక పగలంతా ఎవరో ఒకరికి జవాబు చెబుతూనే గడిచి, మీకంటూ ఒక గంట కూడా మిగలలేదా? ఈ చివరిది నేను తరచూ వింటాను. పగలు తనకంటూ ఏమీ మిగుల్చుకోలేనివాడు రాత్రి నిద్రలోంచి తన వాటా వసూలు చేసుకుంటాడు. అలాంటివాడికి 'ఫోను మానెయ్' అని చెప్తే ఉన్న ఒక్క గంటనూ లాక్కున్నట్టు అవుతుంది, అందుకే మానడు.

ఇందులో మీ తప్పు కానిదీ ఒకటుంది. పూర్వం వెబ్ పేజీకి అడుగు ఉండేది. అక్కడికి చేరితే తర్వాతి పేజీ కావాలా వద్దా అని ఒక్క క్షణమైనా ఆలోచించాల్సి వచ్చేది. 2006లో ఏజా రాస్కిన్ అనే రూపకర్త, పేజీ ఎప్పటికీ అయిపోకుండా కిందికి సాగుతూనే ఉండే పద్ధతిని తయారుచేశాడు. తర్వాత అందుకు పశ్చాత్తాపపడ్డాడు కూడా. దానికి తోడు, ప్రతిసారీ కాకుండా ఎప్పుడో తెలియకుండా బహుమతి దొరికితే ప్రాణి మీట నొక్కుతూనే ఉంటుందని గత శతాబ్దం మధ్యలోనే మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్.స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. పది వీడియోలు విసుగు పుట్టించి పదకొండోది నవ్వించడం కూడా ఇలాంటిదే. తలెత్తే సందు లేకుండా కట్టిన చోట తల ఎత్తలేకపోవడాన్ని నేను బలహీనత అనను.

డోపమిన్ అనే మెదడు రసాయనం గురించి చదివి ఉంటారు. రీల్స్ చూస్తే అది ఖర్చైపోతుందని, కొన్నాళ్లు ఉపవాసం చేస్తే తిరిగి నిండుతుందని చెప్పే వీడియోలు కూడా రీల్స్‌లోనే వస్తుంటాయి. అది అలా పనిచేసే పదార్థం కాదు. అనుకున్నదానికీ దొరికినదానికీ ఉన్న తేడాను మెదడుకు తెలిపి, దేన్ని మళ్లీ చేయాలో నేర్పే సంకేతం అది. నేర్చుకున్న అలవాటు స్థానంలో ఇంకో అలవాటును నేర్చుకోవచ్చు.

ఇక చేయాల్సింది. నిద్రకు వెళ్లే సమయాన్ని కాదు, లేచే సమయాన్ని ముందు బిగించండి. సెలవు రోజైనా అదే సమయం. ఫోను వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి. హాస్టల్ గది అయితే మంచం మీద నుంచి చేయి అందనంత దూరంలో పెట్టండి. 'అలారం కోసం ఫోను కావాలి' అనే సాకు నాకు బాగా తెలుసు, విడిగా అలారం గడియారం కొనండి. మంచం నిద్రకు మాత్రమే. దాదాపు ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కుర్చీలో కూర్చుని, కళ్లు వాలాకే తిరిగి వెళ్లాలి. మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని నిద్రలేమి చికిత్సలో నేటికీ వాడుతున్నాం. మొదటి కొన్ని రోజులు నరకంలా ఉంటాయి, ముందే చెబుతున్నాను. పగలు కునుకు తీసి దీన్ని చెడగొట్టవద్దు. మీ వయసువాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. ఇంకొకటి, సాయంత్రం ఒక గంటను బాహాటంగా మీది చేసుకోండి. ఆ గంటలో కావాలంటే రీల్సే చూడండి, కానీ కుర్చీలో కూర్చుని, దీపం వెలుగులో చూడండి.

నిద్ర కుదుటపడ్డాక కూడా క్లాసుకు కాళ్లు కదలకపోతే అప్పుడు వైద్యుణ్ని కలవండి. ఆందోళన, కుంగుబాటు, పెద్దయ్యాక కూడా ఉండే ఏకాగ్రత లోపం ఏడీహెచ్‌డీ, ఇవన్నీ బయటికి ఫోను పిచ్చిలాగే కనిపించగలవు.

ప్రశ్న: నీలి కాంతిని ఆపే కళ్లజోడు పెట్టుకుంటే రాత్రి ఎంతసేపు చూసినా ఫర్వాలేదని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

కాదు. ఈ కళ్లజోళ్ల మీద జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసిన కోక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ 2023 నాటి సమీక్షలో అవి కళ్ల అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం కనిపించలేదు, నిద్రకు మేలు చేస్తాయని కూడా తేలలేదు. పడుకునే ముందు వెలుతురు తగ్గించడం మంచిదే. కానీ రాత్రి ఒంటిగంటకు మిమ్మల్ని మేల్కొలిపి ఉంచేది తెర వెలుగు ఒక్కటే అనుకుంటే పొరపాటు. తెర మీద నడిచే గొడవను ఏ కళ్లజోడూ ఆపదు.

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. రోజంతా గేమే. నాలుగు నెలల నుంచి కాలేజీకి వెళ్లడం లేదు. భోజనం గదిలోకి తీసుకెళ్లి ఇవ్వాలి. పోయిన వారం వాళ్ల నాన్న ఆట మధ్యలో వైఫై తీసేస్తే తలుపు విరగ్గొట్టాడు. తర్వాత నా దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంతకుముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడినవాడు కూడా కాదు. మా ఆయన కనెక్షన్ పూర్తిగా తీసేద్దాం అంటారు. నాకు భయంగా ఉంది.

అమ్మా, మీరు తలుపు గురించి ఒక వాక్యం రాసి, ఏడుపు గురించి ఇంకో వాక్యం రాశారు. నాకు రెండోది ముఖ్యం. విరగ్గొట్టినందుకు సిగ్గుపడగలిగిన పిల్లవాడితో మాట్లాడటానికి దారి ఉంది.

కనెక్షన్ తీసేయడం గురించి మీ భయం సరైనదే. జట్టుగా ఆడే ఆటల్లో మధ్యలో మాయమైతే జట్టు ఓడిపోతుంది, తోటివాళ్లు తిడతారు, చాలా ఆటల్లో శిక్ష కూడా పడుతుంది. మీ ఇంట్లో వైఫై ఆగింది, అతని లోకంలో నలుగురి ముందు పరువు పోయింది. తలుపు విరగ్గొట్టడం దీనితో ఒప్పైపోదు, ఆ మాట ప్రశాంతంగా ఉన్నప్పుడు అతనికి చెప్పాల్సిందే. ఎవరి మీదైనా చేయి చేసుకునేదాకా వస్తే వాదించకుండా ఆ గదిలోంచి బయటికి వచ్చేయండి, ఇంకో పెద్దమనిషిని పిలవండి. కానీ ఆట ఆగితే చిరాకు, కోపం, దిగులు ముంచుకురావడం డీఎస్‌ఎం-5 చెప్పే తొమ్మిది లక్షణాల్లో ఒకటి. దాన్ని పొగరుగా చదివితే దారి తప్పుతాం.

నేను తెలుసుకోవాలనుకునేది ఏది ముందు జరిగిందో. కాలేజీ మానేశాక ఆట పెరిగిందా, ఆట పెరిగాక కాలేజీ మానేశాడా? తల్లిదండ్రులు దాదాపు ఎప్పుడూ రెండోదే చెబుతారు. పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి అడిగితే చాలాసార్లు ఒక సబ్జెక్టు తప్పడమో, తోటివాళ్ల వేధింపో, ఎవరికీ చెప్పని ఒక తిరస్కారమో ముందు వస్తుంది. ఆటలో పడిన కష్టానికి వెంటనే ఫలితం కనిపిస్తుంది. స్థాయి పెరుగుతుంది, ఎవరో శభాష్ అంటారు. బయట అతను నాలుగు నెలలుగా శభాష్ అన్న మాట విన్నాడా? మిమ్మల్ని నిందించడానికి అడగడం లేదు. అతను దేన్ని వదిలి రావాలో మీకు తెలియాలని అడుగుతున్నాను.

చికిత్స ఉంది, ఆశ కూడా ఉంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో గేమింగ్, ఇంటర్నెట్ వాడకం అదుపు తప్పిన 143 మంది మగవాళ్ల మీద జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే సీబీటీ చికిత్సను వారం వారం బృందంగా 15 సార్లు, దానికి తోడు విడిగా కొన్నిసార్లు ఇచ్చారు. చికిత్స పొందినవాళ్లలో 69 శాతం మంది బయటపడ్డారు. చికిత్స కోసం వేచి ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 24 శాతం. ఇందులో రెండు సంగతులు గమనించండి. చికిత్స పనిచేస్తుంది. ఏ చికిత్సా లేకుండానే కొందరు బయటపడతారు. రెండూ మీకు ధైర్యమిచ్చేవే.

అతన్ని అక్కడిదాకా తీసుకురావడమే అసలు కష్టం. కళ్ల పరీక్షకని చెప్పి మానసిక వైద్యుడి గదికి తీసుకొచ్చే తల్లిదండ్రులను నేను చూస్తూనే ఉంటాను. ఆ పిల్లలు నా ముందు నోరు విప్పరు, ఇంటికి వెళ్లాక మీ ముందూ విప్పరు. ఉన్నదున్నట్టు చెప్పండి: "నువ్వు ఏడ్చావు, నాకు భయమేసింది, ఎవరితోనైనా మాట్లాడదాం, ఆట మానమని అడగడానికి మాత్రం కాదు." రానంటే మీరిద్దరే వెళ్లండి. తల్లిదండ్రులు ముందు వెళ్లి, పద్ధతి నేర్చుకుని వచ్చాక పిల్లలు దిగివచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఈలోపు ఇంట్లో రెండు పనులు. మీ ఇద్దరి మాట ఒకటి కావాలి, మీరు కనికరించి ఆయన కత్తిరిస్తే అతనికి ఇద్దరిలో ఎవరూ దగ్గర కారు. ఆయన కోపం కూడా భయమేనని నా అనుమానం, ఆ సంగతి ఆయనకు మీరు చెప్పగలరు. రెండోది, పగటిపూట, ఆట లేని సమయంలో కూర్చుని గంటలు ఒప్పుకోండి. సున్నా నుంచి మొదలుపెట్టవద్దు. 'పది గంటలకు ఆపు' అనే బదులు 'పది దాటాక కొత్త ఆట మొదలుపెట్టకు' అంటే మాట నిలబెట్టుకోగలడు. మొదట లేచే సమయం, ఆ తర్వాత ఒక పూట భోజనం గది బయట, తర్వాత రోజూ ఒకసారి ఇంటి గడప దాటడం. కాలేజీ ఊసు వీటి తర్వాతే.

ఆట తీసేస్తే చచ్చిపోతానని ఎప్పుడైనా అంటే దాన్ని బెదిరింపు కింద కొట్టిపారేయకండి. అన్న రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఫోను అలవాటు పోవడానికి మాత్రలు ఏవైనా ఉన్నాయా? వయసు ఇరవై ఆరు.

దీనికంటూ ఆమోదం పొందిన మందు లేదు. ఉందని అమ్మేవాళ్ల దగ్గర కొనకండి. అయితే లోపల కుంగుబాటో, ఆందోళనో, ఏడీహెచ్‌డీనో ఉంటే వాటికి మంచి మందులున్నాయి. వాటికి చికిత్స జరిగితే ఫోను మీద గడిపే గంటలు కూడా తగ్గడం చూస్తుంటాను.

ప్రశ్న: నాకు ఇరవై నాలుగు. చదువు ముగిసి ఏడాదిన్నర అయింది, ఉద్యోగం రాలేదు. నాతో చదివినవాళ్ల ఫొటోలు చూస్తుంటాను. ఒకరిది ఆఫీసు, ఒకరిది పెళ్లి, ఒకరిది విమానం కిటికీ. చూస్తే ఏడుపు, చూడకపోతే ఆరాటం. యాప్ తీసేస్తాను, రాత్రికి మళ్లీ పెట్టుకుంటాను. మూడు వారాలుగా తిండి సహించడం లేదు, దేనిమీదా మనసు పోవడం లేదు. నేను లేకపోయినా ఎవరికీ తేడా ఉండదనిపిస్తోంది. యాప్ పూర్తిగా వదిలేస్తే ఇది పోతుందా?

మీ ప్రశ్న కంటే ముందు, దానికి పైన మీరు రాసిన వాక్యానికి జవాబు చెబుతాను. 'నేను లేకపోయినా' అన్నారు. సూటిగా అడుగుతున్నాను: చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా, ఎప్పుడు అని కూడా మనసు లెక్కలు వేస్తోందా? ఇలా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది జంకుతారు. పుట్టదు, అడిగితే చెప్పుకునే దారి దొరుకుతుంది. జవాబు అవును అయితే ఈ పత్రికను పక్కన పెట్టి, ఇప్పుడే ఇంట్లో ఒకరికి చెప్పండి. 'నాకు బాగాలేదు, నన్ను ఒంటరిగా వదలవద్దు' అంటే చాలు, వివరాలు తర్వాత. దగ్గర ఎవరూ లేకపోతే ఆత్మహత్యల నివారణ సహాయ కేంద్రానికి ఫోను చేయండి, లేదా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. ఇంతసేపు ఫోనును తిట్టాం, దాన్ని తప్పక తీయాల్సిన సందర్భం ఇదే.

అంతదాకా రాలేదంటే ఈ వారంలో వైద్యుణ్ని కలవండి. తిండి సహించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తనకు విలువ లేదనిపించడం వంటివి రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఉంటే మేము కుంగుబాటు ఉందేమోనని పరీక్షిస్తాం. మీకు మూడు వారాలైంది. ఇది మీ స్వభావం కాదు, నయమయ్యేది.

ఇప్పుడు యాప్. ఇంత స్పష్టంగా అడిగారు కాబట్టి స్పష్టంగానే చెబుతాను: యాప్ వదిలేసినంత మాత్రాన ఇది పోదు. 2018లో అమెరికాలో ఆర్థికవేత్తలు కొందరు వేలమంది పాల్గొన్న ఒక ప్రయోగం చేశారు. కొందరికి డబ్బిచ్చి నాలుగు వారాల పాటు ఫేస్‌బుక్ ఆపించారు. రోజుకు దాదాపు గంట మిగిలింది, మనసు కాస్త తేలికపడింది. కానీ కాస్తే. ఆ మేలు నిజమే, కుంగుబాటుకు మాత్రం అది సరిపోదు. ఫొటోలు మీ దిగులును పెంచుతున్నాయి, దిగులు మిమ్మల్ని ఫొటోల దగ్గరికి తోస్తోంది. ఒక్క వైపే కోస్తే రెండోది మిగులుతుంది.

మనుషులు తమను ఇతరులతో ఎందుకు పోల్చుకుంటారని మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింజర్ 1954లోనే ఒక సిద్ధాంతం చెప్పాడు. తానెక్కడున్నానో కొలుచుకోవడానికి వేరే కొలత లేనప్పుడు మనిషి పక్కవాణ్ని చూస్తాడు, అదీ తనకు దగ్గరగా ఉన్నవాణ్నే. అందుకే సినిమా తారల ఇళ్లు మిమ్మల్ని బాధపెట్టవు, మీ బెంచీలో కూర్చున్న అమ్మాయి విమానం కిటికీ బాధపెడుతుంది. చదువుకునే రోజుల్లో మార్కులుండేవి. ఉద్యోగం చేసేవాళ్లకు పని ఉంటుంది. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు ఏ కొలతా లేదు. దరఖాస్తు పంపితే కాదనే జవాబు కూడా రాదు. ఆ ఖాళీలోకి ఫొటోలు వచ్చి కూర్చుంటాయి. మీది అసూయ అని మీరు సిగ్గుపడుతున్నట్టు ఉత్తరంలో వేరేచోట రాశారు. నాకు అసూయ కనిపించలేదు, కొలబద్ద లేని మనిషి కనిపించింది.

యాప్ తీసేయడం, రాత్రికి పెట్టుకోవడం ఆపండి. ప్రతిసారీ ఓడిపోయానన్న భావన అదనంగా చేరుతోంది. దాని బదులు, చూస్తే కడుపులో తిప్పేసే నాలుగైదు ఖాతాలను మ్యూట్ చేయండి. వాళ్లకు తెలియదు, స్నేహమూ చెడదు. రోజుకు ఒక్కో వేదికకు పది నిమిషాలు పెట్టుకోండి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2018లో విద్యార్థులతో మూడు వారాలు ఇలాగే చేయించి చూశారు. వాళ్లలో ఒంటరితనం, కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. విచిత్రం ఏమిటంటే, వాడకం తగ్గించుకోమని చెప్పకుండా రోజూ ఎంత వాడారో నమోదు చేయమన్న రెండో బృందంలో కూడా ఆందోళన కొంత తగ్గింది. ఆ పది నిమిషాల్లో ఫొటోలు చూడకుండా ఒకరికి మెసేజ్ పెట్టండి. 'నాకు ఇంకా ఉద్యోగం రాలేదు, కాస్త దిగులుగా ఉంది' అని రాస్తే చాలు. ఆ విమానం కిటికీ అమ్మాయే మీకు తెలియని తన సంగతి ఒకటి చెప్పవచ్చు.

రోజుకో చిన్న పని గడియారం చూసి చేయండి, మనసు వచ్చేదాకా ఆగకుండా. ఒక దరఖాస్తు, అరగంట నడక, ఒక కప్‌బోర్డు సర్దడం. ఏదైనా సరే, చేశాక తేదీ వేసి కాగితం మీద రాయండి. కుంగుబాటులో ముందు ఉత్సాహం రాదు, పని చేయగా చేయగా వస్తుంది. మీకు కావాల్సిన కొలత ఆ కాగితం మీదే మొదలవుతుంది. వైద్యుణ్ని కలిశాక నాకు ఒక ముక్క రాయండి. ప్రచురించను, చదువుతాను.

ప్రశ్న: మీ వైద్యులందరిదీ ఒకటే పాట. నాకు ఇరవై ఏడు. నా ఉద్యోగం, స్నేహాలు, చివరికి ప్రేమ కూడా ఇంటర్నెట్‌లోనే. రోజుకు పన్నెండు గంటలు తెర ముందు ఉంటాను. హాయిగా ఉన్నాను. నేను కూడా రోగినేనా?

కాదు. నిరాశపడ్డారా?

మీ చిరాకులో సగం నాకూ ఉంది. గంటలు లెక్కపెట్టి జబ్బును తేల్చడం పనికిమాలిన పద్ధతి. ఏమీ ఫర్వాలేదనే పక్షానికి ఒక బలమైన ఆధారం కూడా నేనే ఇస్తాను. ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు 3,50,000 మందికి పైగా కౌమార వయస్కుల సమాచారాన్ని పరిశీలించి 2019లో చెప్పిన ప్రకారం, వాళ్ల మానసిక సంక్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ సాధనాల వాడకంతో ముడిపడినది మహా అయితే 0.4 శాతం. గేమింగ్‌ను రుగ్మతల జాబితాలో చేర్చవద్దని 2016లో కొందరు పండితులు ప్రపంచ ఆరోగ్య సంస్థకు బహిరంగ లేఖ కూడా రాశారు. మామూలు జీవితాన్ని జబ్బు చేయకండన్నది వాళ్ల వాదన, అందులో న్యాయముంది. కానీ సగటు అంటే సగటే. లక్షలమంది లెక్కలో, గది దాటని ఆ పంతొమ్మిదేళ్ల కుర్రాడు కనిపించడు. నా దగ్గరికి వచ్చేది సగటు మనిషి కాదు.

అయినా ఒక చిన్న సవాలు. మీ పన్నెండు గంటలు మీ అంచనా కదా? 2021లో వచ్చిన ఒక సమీక్షలో, మనుషులు చెప్పే సమయానికీ పరికరంలో నమోదైన సమయానికీ పొంతన కుదిరిన సందర్భాలు చాలా తక్కువ అని తేలింది. కొందరు ఎక్కువ చెబుతారు, కొందరు తక్కువ. ఫోనులోని స్క్రీన్‌టైమ్ తెరిచి చూడండి. గంటలు ఎన్నైనా ఫర్వాలేదు, అందులో రాత్రి పన్నెండు తర్వాతవి ఎన్నో చూడండి. తర్వాత, మీరు ప్రేమ అన్న ఆ మనిషిని అడగండి, నాతో మాట్లాడేటప్పుడు నేను ఇక్కడే ఉంటున్నానా అని. ఆ జవాబు మీకు నచ్చకపోతే మళ్లీ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.